కాంపోజిట్ పళ్లకు సిరామిక్ పూత: ఎవరికి ఏది పనికొస్తుంది

పంటిరంగు ఫిల్లింగు పెట్టించుకున్నవారు, ముందుపళ్ల మధ్య సందును ఆ ఫిల్లింగు పదార్థమైన కాంపోజిట్‌తో పూడ్పించుకున్నవారు కొంతకాలం గడిచాక దాదాపు ఒకే మాట అడుగుతారు: "మెరుపు పోయింది, అంచులు పచ్చబడ్డాయి. దీనిమీద సిరామిక్ పూత వేయిస్తే మళ్లీ కొత్తదానిలా ఉంటుందా?" అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. ఎందుకంటే ఆ పేరుతో జరిగే పనులు ఒకటి కాదు. ఒక క్లినిక్కులో అది సీసాలోంచి తీసి కుంచెతో రాసే పలచటి ద్రవం. ఇంకో చోట ల్యాబులో తయారై వచ్చే సన్నటి పింగాణీ పెంకు. మరో చోట మెత్తటి పొడిని గాలి ఒత్తిడితో పాత ఫిల్లింగు మీద కొట్టడం. ఈ మూడింటికీ ఖరీదులో, మన్నికలో, పంటికి కలిగే నష్టంలో పొంతన లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇలా అడిగేవారిలో ఎక్కువమందికి కావలసింది పూత కాదు, ఓపికగా చేసిన పాలిష్. కొద్దిమందికి ద్రవపు పూత పనికొస్తుంది, అదీ కొంతకాలమే. ఇంకొందరు పూతలతో కాలక్షేపం చేయకుండా నేరుగా సిరామిక్ ముక్కను అతికించుకోవడమే మేలు. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోవాలంటే నోట్లో ఉన్న పదార్థం సంగతి కొంత తెలియాలి.

ఫిల్లింగులో ఇప్పటికే ఉన్న సిరామిక్

నేటి కాంపోజిట్లకు పునాది బిస్-జిఎంఏ అనే రెజిన్, అంటే గట్టిపడే ప్లాస్టిక్ జాతి పదార్థం. అమెరికాలో దంత పరిశోధకుడు రఫెల్ బోవెన్‌కు 1962లో దానిమీద పేటెంటు వచ్చింది. చిక్కటి పాకంలా ఉండే ఆ రెజిన్‌లో గాజు, సిలికా, కొన్ని రకాల్లో జిర్కోనియా పొడిని కలుపుతారు. రెజిన్‌తో బంధం కుదరడానికి ఆ పొడి రేణువులకు ముందుగా సిలేన్ అనే రసాయనం పట్టిస్తారు. ఫిల్లింగులకు మామూలుగా వాడే రకాల్లో బరువు లెక్కన 70 నుంచి 80 శాతం దాకా ఈ పొడే ఉంటుంది. అంటే సిరామిక్ పూత కావాలని అడిగే ఆ ఫిల్లింగులో ముప్పాతిక వంతు ఇప్పటికే సిరామిక్ జాతి పదార్థమే.

చిక్కంతా మిగిలిన పావు వంతుతోనే. రంగు పట్టేది రెజిన్, నీరు పీల్చేది రెజిన్, బ్రష్ దెబ్బకు ముందుగా అరిగేదీ రెజినే. అది అరిగినకొద్దీ గాజు రేణువులు పైకి తేలతాయి, కొన్ని ఊడి గుంటలు పడతాయి. వెలుతురు నునుపుగా తిరిగి రాకుండా చెదిరిపోతుంది కాబట్టి పన్ను వెలవెలబోయినట్టు కనిపిస్తుంది. గుంటల్లో పాచి చేరుతుంది, దానికి టీ, కాఫీ రంగు అంటుకుంటుంది. చాలామంది రంగు మారిందనుకునేది నిజానికి ఈ పైపొర గరుకుదనమే.

అలాంటప్పుడు నిజమైన పింగాణీ పొరనే దానిమీద కరిగించి పోస్తే సరిపోదా? కుదరదు. పింగాణీ గ్లేజ్ కొలిమిలో 750 నుంచి 950 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. రెజిన్ అందులో సగం వేడికే పాడైపోతుంది, పైగా ఇది నోట్లో ఉన్న పన్ను. వేడి అక్కర్లేకుండా శూన్యపు గదుల్లో ప్లాస్మాతోనో, ఆవిరి రూపంలోనో సిలికా, జిర్కోనియా, టైటానియా పొరలను పేర్చే పద్ధతులున్నాయి. వాటిని ల్యాబులో, నోటి బయట ఉన్న ముక్కల మీద మాత్రమే చేయగలరు. మీ ఊరి క్లినిక్కులో కుర్చీ మీద కూర్చోబెట్టి చేసేది అది కాదు.

ఒకవేళ చేయగలిగినా ఇంకో పేచీ ఉంది. ఒక డిగ్రీ వేడికి పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ పది లక్షల్లో సుమారు 11 వంతులు సాగుతుంది, కాంపోజిట్ రకాన్ని బట్టి 25 నుంచి 50 వంతుల దాకా సాగుతుంది. పింగాణీ ఎనామిల్‌కు దగ్గరగా ఉంటుంది. వేడి కాఫీ తాగి వెంటనే చల్లటి నీళ్లు పుక్కిలించినప్పుడు కింది పదార్థం ఎక్కువగా కదులుతుంది, పైనున్న గట్టి పొర అంత కదలలేదు. బిరుసులోనూ అంతే తేడా: కాంపోజిట్ 10 గిగాపాస్కల్ దరిదాపుల్లో ఉంటే ఫెల్డ్‌స్పార్ పింగాణీ 65, 70 దాకా ఉంటుంది. వంగే పునాది మీద వంగని పలచటి పొర వేస్తే నమిలినప్పుడల్లా దానికి బీటలు పడే అవకాశం పెరుగుతుంది.

కాబట్టి క్లినిక్కులో అరగంటలో పూర్తయ్యే సిరామిక్ పూత అంటే, సిలికా లాంటి సన్నటి పొడి కలిసిన మరో రెజిన్ అని అర్థం చేసుకోవచ్చు. కార్లకు వేసే సిరామిక్ కోటింగ్ కూడా ఈ తరహాదే: సీసాలోంచి వచ్చి, గట్టిపడి, మెరిసే పలచటి పొర. కాకపోతే కారును ఎవరూ రోజుకు రెండుసార్లు బ్రష్‌తో తోమరు, దానితో చెరకు నమలరు.

మొదటి దారి: పాలిష్

పంటి ఉపరితలపు గరుకుదనం సగటున 0.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే దానిమీద పాచి ఎక్కువగా నిలుస్తుందని 1990లలో బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు తేల్చారు. అంతకంటే నునుపు చేసినా పాచి విషయంలో అదనపు లాభం పెద్దగా లేదని కూడా వాళ్లే చెప్పారు. అర మైక్రాన్ పాటి తేడా అయితే నాలుక కొసకే తెలిసిపోతుంది. కొత్త ఫిల్లింగు పెట్టించుకుని ఇంటికి వెళ్లాక నాలుక పదే పదే అక్కడికే పోతోందంటే ఊరికే పోవడం లేదు.

మంచి కాంపోజిట్‌ను సరిగ్గా పాలిష్ చేస్తే ఈ 0.2 లోపలికి తేవచ్చు. అల్యూమినియం ఆక్సైడ్ పూసిన చిన్న బిళ్లలు ముతక నుంచి సన్నం దాకా వరుసగా ఉంటాయి. ఆ తర్వాత రబ్బరు మొనలు, చివర వజ్రపు పొడి కలిసిన పేస్టు. ఈ వరుసలో ఒక్క మెట్టు దాటవేసినా ముతక బిళ్ల గీసిన గీతలు అలాగే మిగిలిపోతాయి. పైన మెరుపు వస్తుంది గానీ గీతలు పోవు, కొన్ని నెలలకు రంగు పట్టేది వాటిలోనే. రోగుల రద్దీ ఉన్న క్లినిక్కులో కోత పడేది ఎక్కువగా ఈ దశకే. ఫిల్లింగు పెట్టడం కష్టమైన పని, పాలిష్ చివరి పని. చివరి పనికి మిగిలే సమయం ఎప్పుడూ తక్కువే.

పాలిష్‌కు ముందు జరగవలసినది ఇంకొకటి ఉంది. రెజిన్ గాలిలోని ఆక్సిజన్ తగిలినచోట పూర్తిగా గట్టిపడదు, జిగటగా ఒక పొర మిగులుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీని ఆనించి గానీ, గ్లిజరిన్ జెల్ పూసి గానీ రెజిన్‌ను గట్టిపరిచే లైటును చివరిసారి పెడితే ఆ పొర తగ్గుతుంది. పట్టీ కింద గట్టిపడిన పైభాగం అద్దంలా ఉంటుంది, కానీ అందులో పొడి తక్కువ, రెజిన్ ఎక్కువ. దాన్ని అలాగే వదిలేస్తే త్వరగా అరుగుతుంది. అందుకే ఆ మెరుపును చూసి మురిసిపోకుండా దాన్ని కాస్త తొలగించి పాలిష్ చేయాలి. లైటు ఆర్పాక కూడా ఒక రోజు దాకా కాంపోజిట్ గట్టిపడుతూనే ఉంటుంది కాబట్టి, ముందుపళ్ల విషయంలో చివరి పాలిష్‌కు మరోసారి పిలిచే డాక్టరు మీ సమయం వృథా చేస్తున్నట్టు కాదు.

పాలిష్ సరిగ్గా ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. తడిగా ఉన్న పన్ను ఏదైనా మెరుస్తుంది. గాలితో ఆరబెట్టమని అడిగి, పక్కనున్న సహజమైన పంటితో పోల్చి అద్దంలో చూడండి. ఆరినా మెరుస్తుంటే పాలిష్ కుదిరింది.

మన తిండి సంగతి వేరుగా చెప్పుకోవాలి. కాంపోజిట్‌కు రంగు పట్టించడంలో పసుపు అన్నిటికంటే ముందుండే పదార్థాల్లో ఒకటి. పప్పు, పులిహోర తినే నోట్లో పెట్టే ఏ రెజిన్‌కూ దాన్నుంచి తప్పించుకోవడం ఉండదు. ఊరట ఏమిటంటే పసుపులోని కర్క్యుమిన్ వెలుతురు తగిలితే విరిగిపోయే రంగు, ముందుపళ్ల మీద ఆ పచ్చదనం కొంత తనంతట తానే వెలిసిపోవచ్చు. కాఫీ, టీ, కిళ్లీ, గుట్కా, సిగరెట్ మరకలు అలా పోయేవి కావు. అవి గరుకు పొరలో ఇరుక్కుంటాయి కాబట్టి ఆ పొరను సన్నగా తీసి మళ్లీ పాలిష్ చేస్తే చాలాసార్లు పోతాయి. ఏడాదికోసారి గార తీయించుకోవడానికి వెళ్లినప్పుడే ఈ పని కూడా చేయించుకుంటే అదనపు ఖర్చు స్వల్పం. పన్ను ఏమాత్రం తరగదు, నచ్చకపోతే వెనక్కి తీసుకోలేనిది ఏదీ జరగదు. అందుకే నేను దీన్ని మొదట పెడతాను.

రెండో దారి: గ్లేజ్

బిస్‌కవర్, పెర్మాసీల్, ఫోర్టిఫై, ఆప్టీగ్లేజ్, పాలాసీల్ లాంటి పేర్లతో దొరికే, మొదట్లో చెప్పిన కుంచెతో రాసే ద్రవాలివి. అన్నిటికీ ఆధారం అక్రిలేట్ జాతి రెజిన్. కొన్నింటిలో నానో పరిమాణపు సిలికా ఉంటుంది, కొన్నింటిలో పొడి అసలే ఉండదు. కుంచెతో పలచగా రాసి లైటు పెడతారు. పొర మందం మైక్రాన్ల లెక్కల్లోనే. పాలిష్ తర్వాత మిగిలే సన్న గీతలను, ఫిల్లింగుకూ పంటికీ మధ్య అంచులోని సన్న పగుళ్లను నింపి మూసేయడం దీని అసలు ప్రయోజనం. పని నిమిషాల్లో అయిపోతుంది, మెరుపు వెంటనే కంటికి కనబడుతుంది. అమ్మకాలకు అంతకంటే ఏం కావాలి?

మన్నిక దగ్గరే పేచీ వస్తుంది. పలచటి రెజిన్ పొర బ్రష్‌కూ పేస్టులోని రాపిడి పొడికీ కొన్ని నెలల్లోనే పలచబడటం మొదలవుతుంది. అంతటా సమానంగా అరిగితే నష్టం లేదు. ఒక చోట పోయి మరో చోట మిగిలినప్పుడు, మిగిలిన పొర అంచుల్లో రంగు చేరి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. కొన్ని గ్లేజ్‌లు తామే పచ్చబడతాయి. కింద పాలిష్ చేయకుండా గరుకు మీద నేరుగా గ్లేజ్ వేస్తే, అది అరిగిన రోజున ఆ గరుకే మళ్లీ బయటపడుతుంది. పాలిష్‌కు బదులుగా గ్లేజ్ అనే క్లినిక్కు నుంచి మర్యాదగా తప్పుకోవడం మంచిది. పాలిష్ చేశాక పైన గ్లేజ్ అంటే మాత్రం ఆలోచించవచ్చు.

ఇది నిజంగా రాణించే చోట్లు ఉన్నాయి. శాశ్వతమైన క్యాపు వచ్చేలోపు కొన్ని వారాల కోసం పెట్టే తాత్కాలిక క్యాపు మీద గ్లేజ్ చక్కగా పనిచేస్తుంది, దాని ఆయుష్షు తీరేలోపే క్యాపు మారిపోతుంది. గ్లాస్ అయనోమర్ అనే మరో రకం ఫిల్లింగుకు తొలి రోజుల్లో తేమ హెచ్చుతగ్గులు పడవు, దానికి పూత ఒక రక్షణ. జి-కోట్ ప్లస్ లాంటివి ప్రచారంలోకి వచ్చింది ఆ పని మీదే. దవడపళ్ల గాడుల లోపలికి పాలిష్ బిళ్ల పోదు, ఆ లోతుల్లో గ్లేజ్ కొంత సాయం. 3డి ప్రింటింగ్‌తో చేసిన రెజిన్ పళ్లకు, కట్టుడుపళ్లకు ల్యాబులో గ్లేజ్ వేయడం ఇప్పుడు మామూలే. పెళ్లి దగ్గర పడి, ఫోటోలకు మెరుపు కావాలనుకునేవారికీ అభ్యంతరం లేదు, అది ఆ పెళ్లికేనని తెలిసి చేయించుకుంటే చాలు.

గ్లేజ్ దాదాపు పారదర్శకం. కింద ఉన్న మరకను అది దాచదు, ఒక్కోసారి మెరుపుతో ఇంకా కొట్టొచ్చేలా చేస్తుంది. పాత ఫిల్లింగు మీద వేయాలంటే ముందు దాన్ని గరుకు చేసి, ఫాస్ఫారిక్ ఆమ్లంతో శుభ్రం చేసి, ఆరబెట్టి వేయాలి. ఉమ్మి తగిలితే పొర పెచ్చులుగా లేస్తుంది. ఇంకో చిన్న సాంకేతిక విషయం ఉంది, దీన్ని డాక్టర్లు కూడా మరిచిపోతుంటారు. మామూలు క్లినిక్కు లైటు 468 నానోమీటర్ల దరిదాపుల్లో వెలుతురు పీల్చుకుని రెజిన్‌ను గట్టిపరిచే కాంఫర్‌క్వినోన్ అనే ప్రేరకం కోసం తయారైంది. కొన్ని గ్లేజ్‌లలో ఉండే ప్రేరకాలకు అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యం, ఊదారంగు వైపు వెలుతురు కావాలి. ఆ లైటు లేకపోతే పూత పైకి ఆరినట్టు కనిపించినా సరిగ్గా గట్టిపడదు. నిద్రలో పళ్లు కొరికేవారు, గుట్కా, ఖైనీ అలవాటున్నవారు, బొగ్గుపొడితోనో ముతక పళ్లపొడితోనో తోమేవారు గ్లేజ్ మీద డబ్బు పెట్టకపోవడమే నయం.

మూడో దారి: కంటికి కనిపించని సిలికా పొర

కాంపోజిట్ మీద అక్షరాలా సిరామిక్ పొర పడే పద్ధతి ఒకటి క్లినిక్కుల్లో ఉంది. దాని గురించి ప్రకటనలు ఉండవు, ఎందుకంటే అది పైకి కనిపించదు. సిలికా పూసిన 30 మైక్రాన్ల అల్యూమినా రేణువులను 2 నుంచి 3 బార్ల ఒత్తిడితో పాత ఫిల్లింగు మీద కొడతారు. తాకిడికి సిలికా అక్కడ అతుక్కుపోతుంది. ఆ తర్వాత సిలేన్, బాండింగ్ ద్రవం, దానిమీద కొత్త కాంపోజిట్. మొదట లోహపు క్యాపుల మీద రెజిన్ అంటించడానికి 1980లలో ల్యాబుల్లో మొదలైన ఆలోచన ఇది. కోజెట్ పేరుతో చిన్న పరికరంగా క్లినిక్కుల్లోకి వచ్చింది.

అంచు విరిగిన ఫిల్లింగు, ఒక మూల రంగు మారిన వెనీరు (పంటి ముందుభాగాన్ని కప్పే పలచటి పెంకు), పెచ్చు లేచిన పంటి కొస, ఇలాంటివాటిని మొత్తం తవ్వి తీయకుండా పైన అతుకు వేయడానికి ఇది సరైన దారి. ఫిల్లింగును తీసి మళ్లీ పెట్టిన ప్రతిసారీ గుంట కాస్త పెద్దదవుతుంది, కొద్దిగా మంచి పన్ను కూడా పోతుంది. అతుకుతో ఆ నష్టం ఆగుతుంది. మీ డాక్టరు దగ్గర ఈ పరికరం లేకపోతే దిగులు అక్కర్లేదు. 50 మైక్రాన్ల మామూలు అల్యూమినాతో కొట్టినా, డ్రిల్లుకు తగిలించే వజ్రపు మొన (బర్)తో గరుకు చేసినా, తర్వాతి మెట్లు సరిగ్గా చేస్తే చాలావరకు పని జరుగుతుంది. పొడి గొంతులోకి, కళ్లలోకి పోకుండా రబ్బరు తెర, కళ్లద్దాలు, పక్కన పీల్చే గొట్టం ఉండాలి. పింగాణీని గరుకు చేసే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని మాత్రం కాంపోజిట్ అతుకుల కోసం నోట్లో వాడనివ్వకండి. అది చర్మాన్నీ చిగుళ్లనూ లోతుగా కాల్చే ఆమ్లం, కాంపోజిట్‌లోని గాజు రేణువులనే తినేస్తుంది.

నాలుగో దారి: అసలు సిరామిక్

పంటి ముందుభాగం మొత్తం మారాలంటే పింగాణీ వెనీరు, నమిలే పంటి పైకప్పు పోతే ఆన్‌లే, ఇంకా ఎక్కువ పోతే క్యాపు. వెనీరు మందం మామూలుగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్లు. లిథియం డైసిలికేట్ అనే గట్టి సిరామిక్ ముక్క అయితే దాని లోపలి వైపును ల్యాబులోనో, నోటి బయటో సుమారు 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో 20 సెకన్లు గరుకు చేసి, సిలేన్ పూసి, రెజిన్ సిమెంటుతో ఎనామిల్‌కు అతికిస్తారు. ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేసి రెజిన్‌ను పట్టించే విద్య 1955లో మైఖేల్ బూనోకోర్ చూపించినది. ఇవాళ్టి వెనీర్లన్నీ దానిమీదే నిలబడి ఉన్నాయి.

మెరుపు, రంగు నిలకడ, పాచి పట్టకపోవడం, ఈ మూడింట్లో పింగాణీకి కాంపోజిట్ సాటి రాదు. ఎనామిల్ మీద సరిగ్గా అతికించిన పింగాణీ వెనీర్లు పదేళ్ల తర్వాత కూడా 90 శాతానికి పైగా నిలిచి ఉన్నట్టు చాలా అధ్యయనాలు చూపాయి. కాంపోజిట్ వెనీర్లకు అంత ఆయుష్షు ఆశించలేం, మధ్యలో రెండు మూడుసార్లు మరమ్మతు తప్పదు. ఖరీదు మాత్రం కాంపోజిట్‌కు కొన్ని రెట్లు. దానికంటే పెద్ద ఖరీదు చెక్కిన ఎనామిల్. అది మళ్లీ పెరగదు. ఇరవై ఏళ్లకు వెనీరు వేయించుకున్న మనిషి జీవితకాలంలో దాన్ని ఒకటికి రెండుసార్లు మార్చుకోవలసి వస్తుంది, ప్రతిసారీ పన్ను ఇంకాస్త తగ్గుతుంది. పింగాణీ పగిలితే నోట్లో అతుకు వేయడం కాంపోజిట్‌కు వేసినంత తేలిక కాదు. చిన్న సందు, చిన్న విరుగు కోసం పక్కనున్న మంచి పళ్లన్నీ చెక్కించి ఎనిమిది, పది వెనీర్లు పెట్టించుకునే ధోరణి నాకు బొత్తిగా నచ్చదు.

పాత కాంపోజిట్ ఉన్న పంటి మీద వెనీరు పెట్టాలంటే ఆ పాతదాన్ని ఏం చేస్తారని అడగండి. పెద్దదైతే, అంచుల్లో రంగు చేరితే తీసేసి కొత్తది పెట్టాలి. మిగిల్చిన భాగానికి పైన చెప్పిన పొడి దెబ్బ అవసరం. పాత కాంపోజిట్ మీద బంధం ఎనామిల్ మీద కుదిరినంత నమ్మకమైనది కాదు.

కాంపోజిట్‌కూ పింగాణీకీ మధ్యలో రెజిన్, సిరామిక్ కలగలిసిన దిమ్మెలు ఉన్నాయి, కంప్యూటర్‌తో చెక్కే రకం. వీటా ఎనామిక్ అనే దిమ్మెలో బరువులో 86 శాతం సిరామిక్ జాలం, మిగతా సందుల్లో పాలిమర్. పూర్తి పింగాణీ కంటే మెత్తన, చెక్కడం తేలిక, నోట్లోనే పాలిష్ చేసుకోవచ్చు. అన్నీ ఒకేలా నిలబడలేదు. లావా అల్టిమేట్ అనే దిమ్మెతో చేసిన క్యాపులు ఊడిపోతున్నాయన్న ఫిర్యాదులతో 2015లో తయారీదారైన 3ఎం సంస్థే దాన్ని క్యాపులకు వాడవద్దని చెప్పి, ఇన్‌లే (పంటి గుంటలో అమర్చే ముక్క), ఆన్‌లే, వెనీర్లకు పరిమితం చేసింది. పేరులో సిరామిక్ ఉందా లేదా అన్నదానికంటే ఏ పనికి పెడుతున్నారన్నదే ముఖ్యమని చెప్పడానికి ఆ ఒక్క ఉదంతం చాలు.

ఫ్లోరోసిస్ పళ్ల విషయం

నల్గొండ, ప్రకాశం ప్రాంతాల పాఠకులకు ఈ భాగం. మనదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చేది) తొలిసారి నమోదు చేసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో, 1937లో. అంటే ఇది ఈ నేలకు పాత బాధ. గోధుమరంగు మచ్చల మీద కాంపోజిట్ పెట్టించుకుని, అది మాసిపోయాక పూత గురించి వాకబు చేసేవారు ఈ ప్రాంతాల్లో ఉంటారు. పారదర్శకమైన ఏ పూతా ఆ మచ్చను దాచదు, ఆ ఆశ మొదటే వదులుకోవాలి. మచ్చ పైపొరలోనే ఉంటే ఆమ్లం, మెత్తటి రాపిడి పొడి కలిపి రుద్దే మైక్రో అబ్రేషన్, ఆపైన బ్లీచింగ్‌తో బాగా తగ్గుతుంది. పన్ను చెక్కే పని ఇంకా రాలేదు కాబట్టి దీనితోనే మొదలుపెట్టాలి. గుంటలు పడి ఎనామిల్ ఊడిపోతున్న పళ్లకు కాంపోజిట్ వెనీరో పింగాణీ వెనీరో కావాలి. ఫ్లోరోసిస్ ఎనామిల్ ఆమ్లానికి త్వరగా లొంగదు కాబట్టి మామూలుకంటే ఎక్కువసేపు ఆమ్లం పెట్టవలసి వస్తుంది. ఆ సంగతి తెలిసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి. ముదురు గోధుమరంగు చాలా పళ్లకు ఉన్నప్పుడు, వయసు పాతిక దాటినప్పుడు, పింగాణీకి పెట్టిన డబ్బు దండగ కాదని నా ఉద్దేశం.

ఏది ఎవరికి

ముందుపళ్ల సందు పూడ్పించుకున్న కాలేజీ విద్యార్థికి పాలిష్ చాలు. చిగుళ్లు, పళ్లు ఇంకా సర్దుకుంటున్న వయసులో పింగాణీ జోలికి పోకూడదు. దవడపంటి ఫిల్లింగు మాసిపోయిందని బాధపడేవారికి అసలు ఏమీ అక్కర్లేదు, ఎవరూ చూడని చోట రంగు కంటే అంచు బిగువు ముఖ్యం. సూదిమొన ఎక్కడైనా అంచులో చిక్కుకుంటోందో లేదో డాక్టరుతో చూపించుకోండి, చిక్కుకుంటే పొడి కొట్టి అతుకు వేయించుకోండి. అదే ఫిల్లింగు రంగు మారడమే కాక కింద నల్లగా నీడ కనిపిస్తుంటే అది పూత విషయం కాదు. లోపల పిప్పి మళ్లీ మొదలై ఉండవచ్చు, ఎక్స్‌రే తీయాలి. దానిమీద గ్లేజ్ వేయడమంటే జబ్బుకు ముసుగు వేయడమే.

రెండు మూడేళ్లుగా ఏటా పాలిష్ చేయిస్తున్నా ఆరేడు నెలలకే వెలవెలబోతున్న పెద్ద కాంపోజిట్ ముందుపళ్లు ఉన్నవారు, పంటి ముఖంలో సగానికి పైగా కాంపోజిటే ఉన్నవారు పింగాణీ గురించి ఆలోచించవచ్చు. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ముందు రాత్రిపూట పెట్టుకునే గార్డు, ఆ తర్వాతే మిగతా మాట. కొరికేవారి నోట్లో పింగాణీ పగులుతుంది, గ్లేజ్ వారాల్లో పోతుంది. మరమ్మతు చవక కాబట్టి కాంపోజిటే కొంత నయం.

పళ్లు తెల్లబరుచుకోవాలనుకుంటే ఆ పని కాంపోజిట్‌కు ముందే చేయించాలి. బ్లీచింగ్ జెల్ పంటిని తెల్లబరుస్తుంది గానీ కాంపోజిట్ రంగును చెప్పుకోదగినంత మార్చదు. బ్లీచింగ్ అయ్యాక రెండు వారాలు ఆగి కాంపోజిట్ పెట్టిస్తే బంధం సరిగ్గా కుదురుతుంది. పిప్పి రాకుండా వేసే ఆమ్లత్వపు ఫ్లోరైడ్ జెల్ కాంపోజిట్‌లోని గాజునూ, పింగాణీ మెరుపునూ గరుకు చేస్తుంది. ముందుపళ్లకు ఇలాంటి పనులు జరిగి ఉంటే ఆమ్లం లేని తటస్థ సోడియం ఫ్లోరైడ్ వేయమని చెప్పండి. క్లోరెక్సిడిన్ పుక్కిలింత మందు డాక్టరు చెప్పిన రోజులు దాటి వాడితే ఏ పదార్థం మీదైనా గోధుమరంగు దిగుతుంది.

చివరికి క్లినిక్కులో సిరామిక్ పూత అన్న మాట వినిపిస్తే డబ్బు కట్టే ముందు ఇవి అడగండి. ఇది సీసాలోని ద్రవమా, ల్యాబులో చేసిన ముక్కా? నా పన్ను ఎంత చెక్కుతారు? పూతకు ముందు పాలిష్ ఉందా, ఉంటే దానికి విడిగా ఎంత? పెచ్చులు లేస్తే మళ్లీ ఎవరి ఖర్చుతో వేస్తారు? జవాబులు విన్నాక వాడిన పదార్థం పేరు, తేదీ బిల్లు మీద రాయించుకోండి. రేపు ఇంకో డాక్టరు దానిమీద అతుకు వేయవలసి వస్తే ఆయనకు మొదట కావలసినది అదే.